వేసవి కత్తిరింపు

శృతి గురించి రాయాలంటే ముందు వాళ్ల నాన్న చేతుల గురించి చెప్పాలి. కుర్మయ్య చేతులు ఏడాదిలో సగం రోజులు నీలంగా ఉండేవి. ద్రాక్షతీగను కత్తిరించిన చోటల్లా మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయాలి. లేకపోతే కోసిన చోట తెగులు పడుతుంది. ఆ నీలం గోళ్ల సందుల్లోకి చేరి, కిరసనాయిలు పెట్టి రుద్దినా పోయేది కాదు. మొదటిసారి చూసినప్పుడు ఈయనకేదో జబ్బు ఉందనుకుని, మంచినీళ్ల గ్లాసు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి పక్కకు జరిగాను. రాయడానికి సిగ్గేస్తోంది. అయితే ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన వాటిలో ఇది చాలా చిన్నది.

మాది తెనాలి దగ్గర. మావారు రఘునందన్ బ్యాంకు ఉద్యోగి. అల్వాల్‌లో అద్దెకుంటూ, ఆదివారం వస్తే స్కూటరెక్కి ఊరి బయట స్థలాలు చూసి రావడం ఆయనకొక వ్యసనం. తొంభై అయిదులో ఆ వ్యసనం శామీర్‌పేట దగ్గర ఆగింది. అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. ఒక ఆసామి తన ఎనిమిదెకరాల తోటలో సగం పీకించి ప్లాట్లు వేశాడు. అందులో ఒకటి మాది. మేం ఇల్లు మొదలుపెట్టేనాటికి పందిరి మోసిన రాతి కడీలు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి.

మిగిలిన నాలుగెకరాల తోటకి కుర్మయ్య మేస్త్రి. కత్తిరింపు ఆయన పని. ఆ చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా ఆయన్ని పిలిపించుకునేవాళ్లు. భార్య బాలమణి కలుపు తీసేది, గుత్తులు కోసేది. మా వెనక గోడ అవతలే వాళ్ల గది. పునాదులు తవ్వుతుంటే ఆయన వచ్చి ఒక తీగ మొదలు దగ్గర నిలబడ్డాడు.

"గీ ఒక్కటి ఉంచుకోన్రి మేడం. మీ ఇంటికి అడ్డం రాదు. పందిరి నేనేస్త."

ఉంచాం. పందిరి వేశాడు. ఏటా రెండుసార్లు, మేం పిలవకుండానే, గోడ దాటి వచ్చి దాన్ని కత్తిరించి వెళ్లేవాడు. రెండుసార్లు ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. పళ్లు మాత్రం తిన్నాను.

నేను నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఇరవై ఎనిమిదేళ్లు ఆధునిక స్పానిష్ సాహిత్యం చెప్పాను. మా కాలనీలో ఈ మాట ఎవరికి చెప్పినా కాసేపు నన్ను జాలిగా చూసి, పిల్లలకి ఇంగ్లీషు ట్యూషను చెబుతారా అని అడిగేవారు. నా విద్యార్థుల్లో కూడా సాహిత్యం కోసం వచ్చినవాళ్లు తక్కువే. రెండువేల సంవత్సరం దాటాక, స్పానిష్ వస్తే కంపెనీలు ఎగరేసుకుపోతాయని తెలిసి క్లాసు నిండిపోయింది. కవిత్వం పాఠం మొదలుపెడితే, చేదు మందు తాగే పిల్లల్లా ముఖం పెట్టేవారు. నాకు కోపం ఎక్కువ. మార్కులు తక్కువ. అదనంగా ఒక్క మార్కు నా కలంలోంచి జారదని పిల్లలు చెప్పుకుంటుంటే విని గర్వపడేదాన్ని.

శృతి మాత్రం కంపెనీల సంగతి తెలియకముందే వచ్చింది. అప్పుడామెకు పన్నెండేళ్లు. మేమిచ్చిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, నేను పాఠం తయారు చేసుకుంటూ పైకి చదువుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"గది ఏ బాష మేడం?"

చెప్పాను. "ఇంకింత సదువున్రి" అంది. అర్థం కాకపోయినా ఆ పేజీ అయిపోయేదాకా కదల్లేదు. వెళ్లేటప్పుడు ఒక మొదటి వాచకం ఇచ్చి, మురికి చేస్తే ఊరుకోనని హెచ్చరించాను. నెల తర్వాత పుస్తకానికి న్యూస్ పేపరు అట్టవేసి తెచ్చింది. పాఠాలన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకుంది, బొమ్మలతో సహా.

అల్వాల్‌లో డిగ్రీ చదువుతూ మా విశ్వవిద్యాలయంలో సాయంత్రం డిప్లొమాలో చేరింది. రెండు బస్సులు మారి వచ్చేది. మూడేళ్లలో ఎన్ని క్లాసులు ఎగ్గొట్టిందో నేను వేళ్ల మీద చెప్పగలను. రెండువేల మూడులో ఎం.ఏ. సీటు వచ్చింది. ఆ వారం కుర్మయ్య గోడ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డ ఏం సదువుతాందని అడుగుతుండ్రు మేడం. ఏం జెప్పాలె?"

"స్పెయిన్ దేశపు సాహిత్యం అని చెప్పు."

"అంటే ఆల్ల కతలు, ఆల్ల పాటలు."

"అంతే."

"గవి మనకేం అక్కరకొస్తయని అడుగుతరు."

"నువ్వేమంటావు మరి?"

"ఆల్ల కాడ గూడ ద్రాక్ష ఉంటదట గద. అందుకని అంట."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిజంగానే అలా చెప్పుకున్నాడు.

ఆ మొదటి ఏడాదంతా, సెలవు రోజుల్లో, గోడ అవతల నుంచి నాకు విచిత్రమైన పాఠం వినబడేది. కుర్మయ్య తీగలు పందిరికి కడుతుంటే, శృతి కడీకి ఆనుకుని కూర్చుని, క్లాసులో చదివిన కవితలూ నాటకాలూ తన తెలుగులో చెప్పేది. ఆయన మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవాడు. ఆ ఊర్లో నేల ఎర్రదా, నల్లదా? బావి ఎంత లోతు? నాటకంలో ఆ తల్లి కొడుకును పంపేటప్పుడు ఏం కట్టి ఇచ్చింది? నా క్లాసులో ఎవరూ అడగని ప్రశ్నలవి. జవాబు తెలియనప్పుడు శృతి నా దగ్గరికి వచ్చేది. నాకూ తెలిసేది కాదు. అలాంటివి సాహిత్యానికి అనవసరం అనేదాన్ని.

శృతికి ఒకే ఒక్క కోరిక ఉండేది, నాలాగా ఈ పాఠం చెప్పాలని. అందుకు ఎం.ఏ.లో నూటికి యాభై అయిదు రావాలి. వస్తే పరిశోధనకీ లెక్చరర్ పరీక్షకీ దారి ఉంటుంది. రాకపోతే రెండూ మూసుకుపోతాయి. ఆమె నిదానంగా రాస్తుంది. పరీక్షల్లో ఆఖరి ప్రశ్న ఎప్పుడూ మిగిలిపోయేది. మొదటి ఏడాది మార్కులు యాభై రెండు దగ్గర ఆగాయి. ఇక ఆమెను గట్టెక్కించగలిగింది రెండో ఏడాది చివర రాసే డిసర్టేషనే. గైడుని నేను.

ఆమె ఎంచుకున్నది స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత దేశం విడిచి వెళ్లిన ఒక కవి రాసిన దీర్ఘ కవిత. అందులో ఒక ముసలి రైతు ఉంటాడు. అతని తోట పరాయివాళ్ల పాలవుతుంది. మర్నాడు ఊరు వదిలి పోవాలి. ఆ ఆఖరి ఉదయం అతను కత్తి నూరుకుని, తోటలో తీగలన్నీ కత్తిరించి, కత్తిని తుడిచి గోడకున్న మేకుకి తగిలించి వెళ్లిపోతాడు. విమర్శకులు దీన్ని ఆశ అన్నారు. రేపటి పండు మీద, తిరిగొచ్చే రోజు మీద నమ్మకం అన్నారు. ఇరవై ఏళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. ఏటా అవే నోట్సు.

రెండువేల అయిదు ఫిబ్రవరిలో శృతి చివరి అధ్యాయం తెచ్చింది. ఇరవై రెండు పేజీలు. ముసలాయన చేసింది ఆశతో కాదని రాసింది. ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు ఉంటాయి. దసరా తర్వాతిది పండు కోసం. ఎండాకాలంలో చేసేది పండు కోసం కాదు. దానివల్ల ఒక్క గుత్తి కూడా రాదు. తీగ ఒళ్లు బాగుపడటానికి, కొత్త కొమ్మ గట్టిపడటానికి చేస్తారు. కవితలోని కత్తిరింపు అలాంటిది. ఆ రైతు పండు గురించి ఆలోచించడం లేదు, తోట ఎవరిదైనా ఆ తీగకు చెయ్యవలసినది చేసి వెళ్తున్నాడు అని వాదించింది. చివర ఒక పేరా తన తండ్రి గురించి. కిందటేడు జనవరిలో ఆసామి మిగిలిన నాలుగెకరాలూ అమ్మేశాడు. జూన్‌లో యంత్రాలు వస్తాయని తెలిసీ, వద్దని ఆసామి చెప్పినా వినకుండా, కుర్మయ్య ఏప్రిల్‌లో తోటంతా కత్తిరించాడట. అప్పుడు నేను సెలవులకి తెనాలి వెళ్లాను. నేను వచ్చేసరికి అక్కడ చదునైన నేల ఉంది.

ఆ అధ్యాయం చదివి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే స్పెయిన్‌లో ద్రాక్షకు కత్తిరింపు ఒక్కటే. చలికాలంలో చేస్తారు. అది పండు కోసమే. ఈ పిల్ల శామీర్‌పేట తోటను పట్టుకెళ్లి ఆ దేశంలో నాటేసింది. అలాంటి పొరపాటు ఇక్కడి తోటలో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఎర్ర సిరాతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అడ్డగీతలు కొట్టాను. తండ్రి గురించిన పేరా పక్కన, ఇది సాహిత్య విమర్శ కాదు అని రాశాను. మర్నాడు నా గదికి పిలిచి, అక్కడ కత్తిరింపు ఒక్కటేనని చెప్పి పేజీలు ముందు పడేశాను.

ఆమె పేజీలు ఏరి వరసలో పెట్టుకుంది.

"ఒక్కసారే కోస్తరని నాకు తెల్వది మేడం. అంతటా గిట్లనే అనుకున్న."

"అనుకుంటే సరిపోదు. ఈ అధ్యాయం తీసెయ్. పదిరోజులుంది."

"ఇది తీస్తే ఏం మిగల్దు మేడం. మిగతాదంత పుస్తకాలల్లకెళ్లి తీసిన. గిదొక్కటే నేను రాసింది."

"అందుకే తప్పులున్నాయి" అన్నాను.

ఆ మాట అని నేను హాయిగా భోజనం చేశాను. అది కూడా గుర్తుంది.

అధ్యాయం తీసేసింది. ఆ శనివారం కుర్మయ్య మా పెరట్లోకి వచ్చాడు. తోట పోయాక వాళ్లు శామీర్‌పేట ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆయన కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తోటమాలిగా చేరి, పొద్దున్నే కాలేజీ బస్సులో పిల్లలతో పాటు పోయేవాడు. చేతుల నీలం వదిలిపోయింది.

"ఆడ ఒక్కపారే కోస్తరట. నిజమేనా మేడం?"

"నిజమే."

"సలి మస్తుంటదా ఆడ?"

"మంచు పడుతుంది. ఆకులన్నీ రాలిపోతాయి."

పందిరి కింద నిలబడి తీగను తడిమి చూశాడు. "అట్లైతే కరెక్టే. ఆడ సలికి తీగ దానంతటదే పండుకుంటది. మన కాడ దానికి నిద్ర లేదు. మనమే కోసి పండవెట్టాలె. గీ సంగతి బిడ్డకు నేనే జెప్పలేకపోయిన. తప్పు నాదే మేడం."

ముప్పై ఏళ్ల పుస్తకాల్లో నాకు దొరకని కారణం ఆయన నిమిషంలో చెప్పాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. అవునవును అని తలూపి లోపలికి వెళ్లాను.

అధ్యాయం లేని ఆ డిసర్టేషన్ బోసిపోయి ఉంది. ఉన్నదానికి తగిన మార్కులే వేశాను. ఫలితాలు వచ్చాయి. యాభై నాలుగున్నర. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. శృతి మిఠాయి పొట్లంతో వచ్చి కాళ్లకు దండం పెట్టి, బేగంపేటలో ఉద్యోగం దొరికిందని చెప్పింది. ఎక్కడో సముద్రాల అవతలి మనుషులు ఫోనుచేసి, విమానంలో పెట్టె పోయిందని స్పానిష్‌లో తిడితే, స్పానిష్‌లోనే క్షమాపణ చెప్పే ఉద్యోగం. జీతం బాగుందట. నేను సంతోషించాను. నిజంగానే సంతోషించాను, అంత తెలివితక్కువ మనిషిని.

రెండువేల ఆరులో నగరం చుట్టూ వేసే పెద్ద రోడ్డుకి కొలతలు మొదలయ్యాయి. మా వీధిలో పదకొండు ఇళ్లకు గేట్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేశారు. మాది ఏడు. తర్వాతి సంవత్సరం జూన్‌కల్లా ఖాళీ చెయ్యాలి. మావారు యాప్రాల్‌లో ఫ్లాటు చూశారు. నేను పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున్న పెరట్లో కత్తెర చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే కుర్మయ్య.

మనిషి చాలా చిక్కిపోయాడు. కొద్దిసేపు కోసి, కడీ పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. ఊపిరితిత్తులు బాగా లేవని బాలమణి అంతకుముందే చెప్పింది. స్టూలెక్కి ఒక్కో కొమ్మా పట్టుకుని, చిగురు వచ్చే కన్ను ఒక్కటి మాత్రం ఉంచి కోస్తున్నాడు. కిందికి దిగి, డబ్బాలోంచి నీలం ముద్ద తీసి కోసిన ప్రతిచోటా వేలితో పూస్తున్నాడు.

"కుర్మయ్యా, గేటు మీద అంకె చూడలేదా?"

"సూసిన మేడం."

"జూన్‌లో ఇదంతా పడగొట్టేస్తారు."

"ఎరుకే. మిషన్ వస్తది."

"అంతలోపల చిగురు వేస్తుందనా?"

"సిగురేస్తది గని కాయ యాడ కాస్తది మేడం? అంతల్నే గుంజేస్తరు. గంత ఎరుకలేనోన్ని గాను."

"మరెందుకు ఈ ఎండలో?"

ఆయన నన్ను వింతగా చూశాడు. ఇంత చదివిన మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు.

"కోసే దినమొచ్చింది మేడం. కోయకుంటే తీగ పరేషానైతది. ఉన్న రెండు నెలలైనా మంచిగుండాలె గద."

మళ్లీ స్టూలెక్కాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పన్నెండేళ్ల శృతి నిలబడి విన్న గుమ్మం అది. ఇరవై ఏళ్లు నేను పాఠం చెప్పిన ముసలి రైతు నా పెరట్లో తీగ కోస్తున్నాడు. అతని ముఖంలో రేపు అనేదే లేదు. శృతి రాసింది సరిగ్గా ఇదే. ఆమె చూసి రాసింది. నేను చూడకుండా కొట్టేశాను. నాకు ఏడుపొచ్చింది.

పని అయ్యాక కత్తెర తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. "మీతో మీ ఇంటికి వస్తాను కుర్మయ్యగారూ" అన్నాను. పన్నెండేళ్లలో ఆయన్ని మీరు అన్నది అదే మొదటిసారి. ఆయన కంగారుపడ్డాడు గానీ, కాదనలేదు.

శృతికి ఆరోజు సెలవు. బాలమణి చాప పరిచింది. వచ్చిన పని చెప్పాను. ఆ అధ్యాయం ఉంటే ఒకసారి ఇవ్వమన్నాను. శృతి తల్లి వైపు చూసింది. బాలమణి ఇనుప పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక కట్ట తీసింది. దానికి న్యూస్ పేపరు అట్ట వేసి ఉంది. లోపల నా ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

మొదటి నుంచి చివరిదాకా అక్కడే చదివాను. చదవడం అయ్యాక, నేను తప్పు చేశాను శృతీ అన్నాను.

"తప్పు నాదే ఉండె గద మేడం. రెండు కటింగులని రాసిన."

"ఆ తప్పు ఒక్క పేజీలో ఉంది. నేను ఇరవై రెండు పేజీలు కొట్టేశాను. ఆ ఒక్క పేజీ దిద్దుకురమ్మంటే సరిపోయేది."

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే అక్కడి నుంచి లేవలేను అనిపించింది. ఫలితాలు వచ్చిన ఏడాదిలోపు డిసర్టేషన్ దిద్ది మళ్లీ ఇచ్చుకోవచ్చని మా దగ్గర ఒక నియమం ఉంది. చాలామంది విద్యార్థులకి తెలియదు. గైడు చెప్పాలి. ఆ నియమం నాకు తెలుసు. శృతికి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడు గడువు దాటి పది నెలలయింది. ఇదంతా చెప్పాను.

శృతి పేజీలు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని అంచులు సరిచేసింది. "ఇగ పోనియ్యున్రి మేడం" అంది. లేచి, టీ గ్లాసులు తీసుకుని బయటి కుళాయి దగ్గరికి వెళ్లింది. చాలాసేపు లోపలికి రాలేదు.

కుర్మయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వేళ్లకు నీలం ఇంకా తడిగా ఉంది. ఆయన గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. ఒక సంగతి చెబుతున్నట్టే చెప్పాడు.

"ఆ ఎర్ర గీతలు సూసి బిడ్డ ఏడ్సింది మేడం. నేనే సముదాయించిన. మేడం కోసిండ్రంటే గది ఎండకాలం కటింగ్ బిడ్డా, కోసినోల్లే కాయ కటింగ్‌కు దసరాకు మల్ల వస్తరని జెప్పిన." వేళ్లకున్న నీలం చూసుకున్నాడు. "రెండు దసరాలు సూసినం."